కిటికీ పక్క మంచం

పోయినవారం సువార్తను గంగాకిషన్ పటేల్ పసుపు కళ్లంలో, ఎండలో వదిలి వచ్చాం. ఆమె భర్త దేవన్న మస్కట్ నుంచి పెట్టెలో తిరిగి వచ్చి, ఆర్మూర్‌లో చర్చి వెనకాల మట్టిలో కలిసి నెల దాటింది. గుండె ఆగి పోయాడని కాగితంలో రాశారు. ఊరు నమ్మింది. కానీ పెట్టె మూత తీసినప్పుడు, నలిగిన చొక్కా చేతిని సర్దబోయిన సువార్త వేళ్లకు ఆయన ఎడమ మోచేతి దగ్గర తాడులా ఉబ్బిన నరం తగిలింది. దాని మీద సూదుల గాట్లు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుతున్న కూతురు కరుణశ్రీతో కూడా. ఇప్పుడు, మస్కట్‌లో దేవన్నతో ఒకే గదిలో ఉన్న బాల్కొండ వాహబ్ సెలవు మీద వచ్చి కళ్లం గట్టున నిలబడి ఉన్నాడు.

వాహబ్ బూట్లు విప్పి గట్టు మీద పెట్టాడు. పసుపు పండించే ఇంట్లో పుట్టినవాడికి, ఆరేసిన పంట మీదికి చెప్పులతో రాకూడదని ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాలిన నేల మీద ఉత్తకాళ్లతో నాలుగు అడుగులు వేసేసరికి ఎగిరెగిరి పడ్డాడు.

"ఏం బిడ్డా, మస్కట్ ఎండ కంటె మా ఎండే జబర్దస్తున్నదా?" అంది రత్నవ్వ. సువార్తతో కలిసి పదేళ్లుగా ఇదే పనికి వస్తున్న మనిషి. నోరు ఊరుకోదు.

"గాడ బూట్లిడువరు అవ్వా" అన్నాడు వాహబ్.

"అందుకేనా, మాకంటె తెల్లగున్నయి మీ కాళ్లొక్కటే!"

పక్క వరుసలో ఆడవాళ్లు నవ్వారు. వాహబ్ కూడా నవ్వబోయి, సువార్త తల ఎత్తకపోవడం చూసి మానేశాడు. రత్నవ్వకు అర్థమైంది. తన గోనెసంచి తీసుకుని నాలుగు బారల అవతలికి జరిగింది. చెవులు మాత్రం ఇక్కడే వదిలి వెళ్లింది.

"కూసో వాహబ్ భాయ్" అంది సువార్త. "చేతులు ఆపితే పటేల్ ఊకోడు. పని చేసుకుంటనే వింట. చాయ్ చెప్పాల్నా?"

"రోజా ఉన్న వదినా."

సువార్త అప్పుడు తల ఎత్తి చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి అతనికి. బాల్కొండ నుంచి ఈ ఎండలో, ఉపవాసం మీద బస్సు ఎక్కి వచ్చాడు. "జర నీడకు కూసుందాం పా" అని నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. అతన్ని సుఖంగా కూర్చోబెట్టాలని ఈ రోజు ఆమెకు లేదు.

వాహబ్ గొంతుక్కూర్చుని, ఎదుట ఉన్న పసుపు కొమ్ములను రెండు చేతులతో తిరగేయడం మొదలుపెట్టాడు. ఉడికించి ఆరేసిన కొమ్ములు పైన ఎండి, కింద ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఒక కొమ్ము తీసి విరిచి చూశాడు. విరగలేదు, వంగింది.

"ఇంక నాలుగు ఎండలు తాగాలె" అన్నాడు.

"గుండెకు చేతిల సూదులెందుకు గుచ్చుతరు భాయ్?"

వాహబ్ చేతులు పసుపులో ఆగిపోయాయి.

"మీరు చూసిండ్రా?"

"నా మొగని చెయ్యి నేను చూడనా?"

సువార్త కొమ్ములు తిరగేస్తూనే ఉంది. ఒక వరుస అయిపోయి, పక్క వరుసకు జరిగింది. అతనూ జరిగాడు.

"కిడ్నీలు వదినా. రెండూ పోయినయ్. పోయిన ఎండాకాలం క్యాంపు గదిల పడిపోతే దవాఖానకు తీస్కపోయినం. అప్పటి సంది మిషను మీదనే. దినం తప్పిచ్చి దినం. నాలుగు గంటలు పండుకోబెట్టి, రక్తం బయటికి తీసి కడిగి మల్ల లోపలికి పంపేటోళ్లు. గుండె ఆగిందనేది అబద్ధం కాదు. మిషను మీదనే ఆగింది. గది ఎందుకాగిందనేదే మేం రాయలే, చెప్పలే."

పోయిన ఎండాకాలం. సువార్త ఆ మాట దగ్గరే ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం, వానాకాలం, మొన్నటి క్రిస్మస్. ఆ రోజులన్నిట్లో దేవన్న ఫోను చేయని రోజు ఒక్కటి లేదు. ఆ ఫోన్లకు ఒక కట్టు ఉండేది. మొదటిసారి ఆయన గల్ఫుకు పోయినప్పుడు ఫోను మాట చాలా ఖరీదు. ఉన్న రెండు నిమిషాలు కష్టాలు చెప్పుకుని ఏడిస్తే ఇద్దరికీ అన్నం దిగేది కాదు. అందుకని దేవన్నే ఒక పద్ధతి పెట్టాడు. "ఇయ్యాల దేవుడు ఏమిచ్చిండో ఒక్కటి చెప్పుకుందాం. ఒక్కటి చాలు. ఎంత చిన్నదైనా సరే, నిజమైంది కావాలె." తర్వాత ఫోన్లు చవకయ్యాయి. బొమ్మ కూడా కనిపించే ఫోన్లు వచ్చాయి. పద్ధతి మాత్రం పోలేదు. "ఇయ్యాల పనికాడ మబ్బు పట్టింది" అని ఆమె చెప్పేది. "ఇయ్యాల బస్సుల సీటు దొరికింది" అని ఆయన చెప్పేవాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చినప్పుడు సువార్త లేచి నిలబడేది. ఆ వారం దేవన్న చెప్పినవాటిలో నుంచి ఒకటి చెప్పేది. దేశం కాని దేశంలో తన మనిషిని దేవుడు ఎట్లా చూసుకుంటున్నాడో చెప్పేది. గల్ఫులో కొడుకులు, భర్తలు ఉన్న ఆడవాళ్లందరూ కొంగు కళ్లకు ఒత్తుకుని "స్తోత్రం" అనేవాళ్లు. ఆమె చెప్పకపోతే ఆ ఆదివారం వాళ్లకు వెలితిగా ఉండేది.

ఇప్పుడు, పసుపు మధ్యన కూర్చుని, ఆ మాటలన్నిటినీ ఆమె మళ్లీ ఒకసారి వినసాగింది. మాటలు అవే. వాటి వెనకాల గది మారిపోయింది.

"ఇయ్యాల కిటికీ పక్క మంచం దొరికింది సువార్తా." క్యాంపు గదిలో ఎవరో ఊరికి పోయుంటారని, గాలి తగిలే చోటు దొరికిందని ఆమె సంతోషపడింది.

"ఇయ్యాల ఒక కేరళ పిల్ల నన్ను అన్నా అన్నది." దుకాణంలో కావొచ్చు అనుకుంది. నర్సు అని ఎందుకు అనుకుంటుంది?

"ఇయ్యాల ఎవలో నా కాళ్ల మీద దుప్పటి కప్పి పోయిండ్రు. లేచి చూసేసరికి ఎవ్వలు లేరు."

ఇంకొకటి గుర్తుకొచ్చి ఆమె చేతులు ఆగాయి.

"భాయ్, ఒకనాడు మంచుగడ్డ ముచ్చట చెప్పిండు. ఎవలో చిన్న మంచుగడ్డ నోట్లె పెట్టిండ్రు, గిసొంటి రుచి పుట్టినకాడ్నుంచి చూడలే అన్నడు. నేను మస్తు నవ్విన. మంచుగడ్డకు రుచేందయ్యా అన్న. గది గూడ…"

"గది గూడ దవాఖానలనే" అన్నాడు వాహబ్. నేల చూస్తూ చెప్పాడు. "నీళ్లు తాగనియ్యరు వదినా. కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీళ్లు ఒంట్లనే ఉండిపోతయి. ఊపిరి ఆడదు. పొద్దంత కలిపి ఒక్క గిలాసెడు. గాడి ఎండ మీకు చెప్పేదేముంది! నాలిక పిడచ కట్టుకపోతుండె. గా కేరళ పిల్ల ఒకనాడు జాలిపడి, చక్కెర బిళ్లంత మంచుముక్క నాలిక మీద పెట్టింది. కరిగేదాక కండ్లు మూసుకున్నడు. నాకు రోజా ఒక్క నెల వదినా. పొద్దుగూకి మగ్రిబ్ నమాజైతె నీళ్లు దొరుకుతయి. అన్నకు దినాం రోజానే. ఇప్పుకునే యాళ్లే లేదు."

సువార్త రెండు చేతులూ ఒళ్లో పడ్డాయి. ఏడుపు రాలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"నేను గా ముచ్చట చర్చిల చెప్పిన" అంది. "అందరి నడుమ నిలబడి చెప్పిన. గంతెండల నా ఇంటాయన నోట్లె దేవుడు మంచుగడ్డ పెట్టిండని చెప్పిన. అందరు నవ్విండ్రు. నేను నవ్విన. గాడ ఆయన గుక్కెడు నీళ్లకు మొత్తుకుంటుంటే, గీడ నేను మైకుల నవ్విన. నన్ను ఎంత పిచ్చిదాన్ని చేసిండ్రు భాయ్ మీరిద్దరు కలిసి!"

పక్క వరుసల్లో చేతులు ఆగాయి. ఎవరూ ఇటు చూడలేదు.

"వదినా…"

"నువ్వు చెప్పొద్దా? నీకు పెండ్లాం లేదా? జాహెదాకు తెల్వకుండ నువ్వు గట్ల మిషను మీద పండుకుంటె, ఆమెకు చెప్పనోన్ని నువ్వు దోస్తంటవా? నేను వీసా లేకున్నా, రెక్కలు కట్టుకోనన్నా వచ్చేదాన్ని. గా నీళ్లు తాగనియ్యని మనిషి పక్కన నేను గూడ తాగకుండ కూసుందును. నాకు గా హక్కు లేదా?"

"ఒట్టు పెట్టిచ్చుకున్నడు" అన్నాడు వాహబ్. "ఖురాన్ మీద పెట్టిచ్చుకుంటే నీకు భయమైతది, బైబిల్ మీద పెట్టు, నువ్వు తప్పితె నాకు భయమైతది అన్నడు. దిండు కింది నుంచి తీసి నా చెయ్యి దాని మీద పెట్టిచ్చిండు. బైబిల్ మీద ఒట్టు పెట్టి, గా ఒట్టు కోసం నిద్ర పోగొట్టుకున్న ముసల్మాన్ నేనొక్కన్నే ఉంట దునియాల."

సువార్త ముఖం మెత్తబడలేదు.

"ఆయనకు నాతోని ఎందుకు దాయాలనిపించింది?"

"వాళ్లన్న చంద్రయ్య ముచ్చట మీకు తెలుసు గదా. గాయన గూడ గిట్లనే పోయిండంట గదా. మీ తోటికోడలు బస్సులల్ల మిషను కాడికి తీస్కపోయి తీస్కపోయి, ఆయన పోయేనాటికి ఆమె మనిషి మనిషిలాగ లేకుండెనంట. 'సువార్తను నేను గట్ల చూడలేను వాహబ్' అనేటోడు. శాశ్వతంగ దాద్దామని కాదు. జర తాకత్ వచ్చి విమానం ఎక్కొచ్చని డాక్టర్ అంటే, వచ్చి ఎదురుంగ కూసోని చెప్త అన్నడు. ఆయనకు గంత టైమియ్యలే అల్లా."

గట్టు అవతల రోడ్డు మీద పసుపు బస్తాల ట్రాక్టరు మార్కెట్ దిక్కు పోయింది. దుమ్ము లేచి, నెమ్మదిగా ఆరేసిన పంట మీద వాలింది. ఇంకో రోజైతే అందరూ ట్రాక్టరు డ్రైవర్‌ను తిట్టేవాళ్లు.

రత్నవ్వ చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. "తాగు పిల్లా" అంది. సువార్త చెంబు అందుకుంది. నోటిదాకా తెచ్చింది. గుటక పడలేదు. చెంబులో ఊగుతున్న నీళ్ల వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయింది. రత్నవ్వ చెంబు తీసుకుని, తన కొంగు తడిపి, సువార్త ముఖం తుడిచింది. నుదుటి మీద, చెంపల మీద పసుపు మరకలు కొన్ని పోయాయి, కొన్ని ఇంకా పులుముకున్నాయి.

"అంటే గవన్నీ అబద్ధాలు" అంది సువార్త చివరికి. గొంతులో కోపం పోయి, ఇంకేదో మిగిలింది. "దేవుడిచ్చిండు, దేవుడిచ్చిండు అని చెప్పినయన్నీ. ఇచ్చిందేంది? రోగమిచ్చిండు. నాకు చెప్పేతందుకు ఆయన అల్లిండు."

వాహబ్ గబుక్కున తల ఎత్తాడు. ఇందాకటినుంచీ దోషిలా మాట్లాడినవాడు, ఇప్పుడు మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

"లేదు వదినా. గా మాటనకుండ్రి. నేను పక్కనే ఉన్న. ఒక్కటి గూడ అల్లలే. 'నిజమైంది కావాలె, సువార్త నిజమే చెప్తది, నేను నకిలీది చెప్తె ఎట్ల' అనేటోడు. పొద్దుగాల లేస్తె అదే పని. దేవులాడేటోడు. దవాఖాన వరండల, డాక్టర్ మొఖంల, కిటికీల, అన్నంల. నాకైతె పిచ్చి లేసేది. 'ఏమున్నదన్నా గీ నరకంల' అంటుంటి. 'ఉంటది, చూస్త' అనేటోడు. దొరికినంక మొఖం మారిపోతుండె. మంచం మీది నుంచే నన్ను పిలిచి, 'దొరికింది వాహబ్' అనేటోడు. పసిపోరడు పోయిన గోళీ దొరికితె ఎట్ల చేస్తడో గట్ల."

"దొరకని నాడు?"

వాహబ్ అరచేతుల మీది పసుపు రాల్చుకున్నాడు.

"ఒకనాడు దొరకలే. ఆనాడు సూది సరిగ పడక మూడుమార్లు గుచ్చిండ్రు. చెయ్యి కమిలిపోయింది. పక్క మంచమాయన చచ్చిపోయిండు. మీకు ఫోన్ చేసే యాళ్లయింది. అన్న ఫోను చేతిల పట్టుకోని కూసున్నడు. 'ఇయ్యాల ఏం లేదు వాహబ్, ఏం చెప్పాలె' అన్నడు. ఆయన కండ్లల నీళ్లు చూసింది గా ఒక్కనాడే. నేను కుర్సీల నుంచి లేచి బయటికి పోయిన. గా కేరళ నర్సు కాళ్లు మొక్కినంత పని చేసి, అన్న మంచం కిటికీ పక్కకు మార్పిచ్చిన. నేను చేపిచ్చిన్నని ఆయనకు చెప్పలే. ఆయన మీకు ఫోన్ చేసి, దేవుడు కిటికీ పక్క మంచం ఇచ్చిండని చెప్పిండు. నేను తలుపుకాడ నిలబడి నవ్వుకున్న. ఇచ్చింది నేను గదా అని."

"నవ్వుకున్నవా?"

"నవ్వుకున్న. అటెన్క గదికి పోయి పండుకుంటె నవ్వు రాలే. నేను ఎన్నడు ఒకల కోసం గట్ల నర్సులను బతిమిలాడలే వదినా. నాకు గంత మంచి బుద్ధి లేదు. గానాడు ఎవలు లేపిండ్రు నన్ను కుర్సీల నుంచి?"

ఆ ప్రశ్నకు చర్చిలో అయితే ఆమె దగ్గర జవాబు ఉండేది. ఇక్కడ, ఈ ఎండలో, భర్త దాహం గురించి విన్న నోటితో ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు. కానీ ఒకటి అడిగింది.

"కిటికీల నుంచి ఏం కనపడేది?"

"ఏమున్నది, కార్లు నిలిపే జాగ. ఒక్క వేపచెట్టు. ఎవలు పెట్టిండ్రో, ఎట్ల బతికిందో. దాన్ని చూసుకుంట ఆర్మూర్ గుట్టలు చూసినంత సంబరపడుతుండె."

సువార్త కళ్ల నుంచి అప్పుడు నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. చేతులకు పసుపు ఉంది. కళ్లలో పడితే మండుతుంది. తల పక్కకు వంచి భుజానికి ఒత్తుకుంది. పసుపు పనిలో ఏడ్చే ఆడవాళ్లందరికీ అలవాటైన పద్ధతే అది.

వాహబ్ లేచి పోతాడనుకుంది. లేవలేదు. ఇందాకటి విరగని కొమ్మును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ వంచుతున్నాడు.

"ఇంకొకటున్నది వదినా. అసలు నేను వచ్చింది గా మాటకే."

"ఇంకేం మిగిలింది?"

"గాడి పెద్ద డాక్టర్ అన్నడు. ఇది కొందరికి రక్తంల వచ్చేదంట. కిడ్నీలల్ల నీటిబుగ్గలు. వాళ్లన్నకు వచ్చింది, ఈయనకు వచ్చింది. పిల్లలకు గూడ…" వాహబ్ కొమ్మును నేల మీద పెట్టాడు. "అందరికి రాదంట. వస్తె రావొచ్చు, లేకుంటె లేదు. కాని చూపిచ్చుకోవాలె అన్నడు. వయసుల తెలిస్తె మందులతోని, పథ్యంతోని మస్తు ఏండ్లు గుంజొచ్చంట. 'నేను చెప్పలేకపోతె నువ్వు సువార్తకు చెప్పాలె' అని అన్న నా చెయ్యి పట్టుకున్నడు. ఫోన్ల ఎట్ల చెప్పాల్నో తెల్వక, సెలవు దొరికేదాక ఆగిన. మాఫ్ చెయ్యుండ్రి."

సువార్త లేచి నిలబడింది.

నెల ఆలస్యం చేశావని అనలేదు. అనడానికి ఊపిరి కావాలి కదా. కరుణశ్రీ ఒక్కతే బిడ్డ. ఆ పేరు పెట్టింది దేవన్న. ఈ రోజు శనివారం. మధ్యాహ్నం బస్సుకు నిజామాబాద్ నుంచి వచ్చి, ఇప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించి ఉంటుంది.

"నేను వెంబడి రానా?" అన్నాడు వాహబ్.

"వద్దు భాయ్. నీ రోజా ఇప్పు యాళ్లకు ఇల్లు చేరు. జాహెదా కాసుక్కూసుంటది." నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మంచం మార్పిచ్చినందుకు…" అని, తల ఊపి నడిచింది.

పని మధ్యలో ఆమె ఇదివరకెన్నడూ కళ్లం దిగలేదు. పటేల్ గట్టు మీది నుంచి కేక వేయబోతే, రత్నవ్వ చేయి అడ్డం పెట్టి, "నోర్ముయ్యి పటేలా, రేపు పొద్దుగాల ఇద్దరం వచ్చి మిగిలింది తిరగేస్తం తియ్" అంది. ఆ గొంతు విని పటేల్ నిజంగానే నోరు మూసుకున్నాడు.

సువార్త నడుస్తూనే ఉంది. మార్కెట్ దారి, పసుపు పాలిష్ పట్టే మిషన్ల చప్పుడు, బస్టాండు మలుపు, ఏదీ ఆమెకు ఆనలేదు. మనసులో దేవుడితో కొట్లాడుతోంది. ఆయన్ను తీసుకున్నావు, సరే. ఆయన దాహాన్ని నా దగ్గర దాచావు, సరే. ఇప్పుడు బిడ్డనా? ఆ కిటికీ, ఆ మంచుముక్క, ఆ దుప్పటి చూపించి నన్ను ఊరడించి, వెనక నుంచి ఇదా నువ్వు తెచ్చింది? ఇట్లా అడగకూడదని చిన్నప్పటినుంచీ నేర్చుకుంది. ఈ రోజు అడిగింది. అడిగినందుకు ఆకాశం విరిగి పడలేదు.

చర్చి సందు మలుపు దగ్గర ఆమెకు అడుగుల చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే రత్నవ్వ. సువార్త మరిచిపోయిన టిఫిన్ గిన్నె ఒక చేతిలో, చెప్పులు ఒక చేతిలో. కళ్లం నుంచి ఉత్తకాళ్లతో వచ్చేశానని సువార్తకు అప్పుడు తెలిసింది. రత్నవ్వ ఇల్లు ఇటువైపు కాదు. ఊరికి రెండో కొసన, పెర్కిట్ దిక్కు. ఇంత దూరం, ఈ మోకాళ్ల నొప్పులతో, ఒక్క మాట మాట్లాడకుండా వెనకాలే వచ్చింది. మాట్లాడకుండా ఉండడం రత్నవ్వకు మోకాళ్ల నొప్పి కంటే కష్టం.

చెప్పులు నేల మీద పెట్టి, "ఏస్కో" అంది. "కాళ్లు కాలుతలేవా?"

"నా వెంట ఎందుకొచ్చినవ్ రత్నవ్వా?"

"ఏమో. లేవాలనిపించింది, లేచిన." టిఫిన్ గిన్నె చేతికిచ్చింది. "లోపలికి రాను. నీ బిడ్డతోని మాట్లాడుకో. నేను గీ అరుగు మీద జర సేపు కూసుంట. మోకాళ్లు గుంజుతున్నయ్."

సువార్త చెప్పులు వేసుకుంది. అప్పుడు తెలిసింది అరికాళ్లు ఎంత కాలాయో. దేవుడితో మొదలుపెట్టిన కొట్లాట అయిపోలేదు. కానీ ఎందుకో, ఇందాకటంత ఒంటరిగా కొట్లాడుతున్నట్లు అనిపించలేదు.

తలుపు తీసే ఉంది. కరుణశ్రీ పొయ్యి దగ్గర పప్పు కలుపుతోంది. తల్లిని చూసి, గోడ మీది గడియారం వైపు చూసింది. మళ్లీ తల్లి ముఖం చూసింది. గరిటె పక్కన పెట్టింది.

"వాహబ్ మామ కలిసిండా?"

సువార్త గుమ్మంలోనే ఆగిపోయింది. "ఆయన వచ్చినట్టు నీకెట్ల తెలుసు?"

"పొద్దుగాల నాకు ఫోన్ చేసిండు. ఇయ్యాల అమ్మకు చెప్తున్న బిడ్డా, నువ్వు ఇంట్ల ఉండు అన్నడు." కరుణశ్రీ కొంగు చివర చేతులు తుడుచుకుంది. తుడిచిందే తుడుస్తోంది. "నాకు ముందే తెలుసమ్మా. వానాకాలం నుంచి. వీడియోల బాపు ఎడమ చెయ్యి ఎన్నడు కనపడనిచ్చేటోడు కాదు. మొఖం పొద్దుగాల ఉబ్బి ఉంటుండె. మా వార్డుల దినాం గసొంటి మొఖాలే చూస్త. అడిగిన. మొదలు నవ్విండు. అటెన్క ఏడ్చిండు. నాతోని గూడ ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

"అందరితోని పెట్టిచ్చుకున్నడు" అంది సువార్త. "మిగిలింది నేనొక్కదాన్నే."

"నీ దగ్గర ఒక్కదగ్గరనే ఆయన రోగి కాకుండ ఉండెనమ్మా. గది గూడ పోగొట్టుకోవద్దనుకున్నడు. నాకు కోపమొచ్చింది. నీకు చెప్పేస్తనని బెదిరిచ్చిన. చెప్తె బాగుండె. నిన్ను చూసినప్పుడల్ల చెప్పబోయి, నువ్వు ఆదివారం చర్చిల నిలబడేది చూసి ఆగిపోయిన."

సువార్త బిడ్డను చూసింది. పొద్దున్నే దువ్విన జడ, మెడలో సన్నటి దారం, మణికట్టు మీద వార్డులో ఎవరిదో మందు మరక. ఈ ఒంట్లో ఎక్కడైనా ఏదైనా కనిపిస్తుందా అని వెతికింది. ఏమీ కనిపించలేదు. దేవన్న ఒంట్లోనూ ఇంతే, చివరిదాకా ఆమెకు ఏమీ కనిపించలేదు.

"డాక్టర్ ఇంకో మాటన్నడంట" అని మొదలుపెట్టింది.

"తెలుసు" అంది కరుణశ్రీ. "మొన్న చేపిచ్చుకున్న. మా దవాఖానలనే. స్కాన్."

పొయ్యి మీద పప్పు పొంగబోతోంది. ఇద్దరూ అటు చూడలేదు.

"స్కాన్ చేసినామెది సిరికొండ ఊరంట. కడుపుకు గా జెల్ పూస్తె సల్లగ తగిలి నేను ఉలిక్కిపడ్డ. ఆమె ఆగి, తన అరచేతులల్ల వేసి రుద్ది, వెచ్చగ చేసి పూసింది. నేను అడగలే. ఆమెకు నేనెవలో తెల్వదు. అమ్మా, నాకు గప్పుడు…"

గొంతు నెమ్మదిగా ఉంది. చివర కొంచెం నవ్వు తగిలించినట్టు. ఫోనులో ఏళ్ల తరబడి విన్న గొంతు అది, మనిషి మాత్రం వేరు.

"ఆగు బిడ్డా" అంది సువార్త.

కరుణశ్రీ ఆగింది.

"గది దేవుడు చేసిందే. కాదనను. వెచ్చటి చేతులు గూడ ఆయనవే. రేపు చర్చిల అడిగితె నేనే చెప్త. కాని నాకు గా మంచి ముక్క ఒక్కటి చేతిల పెట్టి, మిగతాది వెనక దాయకు. మీ బాపు గట్లనే చేసిండు. ఆయన ఎండిన నోటితోని ఉంటే నేను నవ్విన. ఇంకోసారి నాతోని కాదు." ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "ఆయన మంచం పక్క కూసునే భాగ్యం నాకు లేకపాయె. నీ పక్క కూసుంట. నన్ను కూసోనియ్యి. మొదలు గా కాయితంల ఏమున్నదో చెప్పు. ఎంత పెద్దదైనా సరే, గదే చెప్పు."

కరుణశ్రీ వంగి పొయ్యి ఆర్పింది. చాలాసేపు వీపు ఇటే ఉంచింది. తిరిగేసరికి ఆ నవ్వు ముఖం మీద లేదు. వార్డులో అందరి రోగాలకూ ధైర్యం చెప్పే పిల్ల, ఒక్క నిమిషంలో ఐదేళ్ల పిల్లలా అయిపోయింది.

తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. పసుపు ఆమె చేతులకూ అంటింది.

"కూసో అమ్మా."

"నిలబడే వింట. చెప్పు."

బయట అరుగు మీద రత్నవ్వ దగ్గిన చప్పుడు వినబడింది. కరుణశ్రీ తల్లి కళ్లలోకి చూసింది. చూపు తిప్పుకోవాలనుకుని, తిప్పుకోలేదు.

"కుడి కిడ్నీల బుగ్గలున్నయమ్మా. ఎడమ దాంట్ల ఏం లేదు" అంది.